శుభలేఖలు సొంతంగా చేసుకుంటే ఎంత మిగులుతుంది?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. నెల్లూరులో ప్రైవేటు ఉద్యోగం, జీతం 22 వేలు. మాఘమాసంలో నా పెళ్ళి, ఇంకా ఎనిమిది నెలలుంది. నాన్న 600 శుభలేఖలు వేయించాలంటున్నారు. షాపులో ఒక్కోటి 32 రూపాయలు చెప్పారు, మొత్తం 19,200. నేనే డిజైన్ చేసి ఇంట్లోనే ప్రింట్ తీద్దామనుకుంటున్నాను. 14 వేల కలర్ ప్రింటర్ నెలకు 1,250 చొప్పున ఏడాది ఈఎంఐకి ఇస్తామంటున్నారు. బయట డిజిటల్ ప్రింట్ అయితే దళసరి ఏ4 షీటుకు రెండువైపులా కలిపి 30 రూపాయలట. ఏది మేలు? సొంతంగా చేసుకుంటే పిసినారులంటారని అమ్మ టెన్షన్ పడుతోంది. – ఒక పాఠకురాలు

జవాబు: ప్రింటర్ కొనకండమ్మా. 14 వేల వస్తువుకు ఏడాదిలో 15 వేలు కట్టి, పెళ్ళయ్యాక దాన్ని అటక మీద పెడతారు. పైగా ఇంట్లో వాడే ఇంకు ప్రింటర్లలో చాలావాటికి దళసరి అట్ట మింగుడుపడదు, మధ్యలోనే ఇరుక్కుంటుంది. ఇంకో చిక్కు మన ఆచారంతోనే ఉంది. శుభలేఖ నాలుగు మూలలా తడి పసుపు అద్దుతాం కదా, మామూలు రంగు ఇంకుతో తీసిన అక్షరాల మీద ఆ తడి తగిలితే రంగు కారుతుంది. డిజిటల్ షాపుల్లోని లేజర్ ప్రింటుకు ఆ బాధ లేదు. నున్నగా మెరిసే కాగితం మాత్రం వద్దు. దాని మీద పసుపూ నిలవదు, పిలిచేవాళ్ళ పేరు రాద్దామంటే పెన్నూ సాగదు. మ్యాట్ అని అడిగి తీసుకోండి.

ఇక లెక్క. ఏ4 షీటును సగానికి కోస్తే రెండు కార్డులొస్తాయి, అంటే కార్డు 15 రూపాయలు. షాపు కార్డులో సగం కూడా పడదు. ప్రెస్సులో ప్లేటు చేయించి అచ్చువేసే ఆఫ్‌సెట్‌లో అయితే ఇంకా తగ్గుతుందని ఎవరైనా చెప్పవచ్చు. అక్కడ ప్లేటు ఖర్చు ముందే పడుతుంది, ఆ ఖర్చు వేల కాపీల మీద పంచుకుంటేనే గిట్టుబాటు. మీలా కొన్ని వందలకైతే డిజిటలే నయం.

అయితే నన్నడిగితే మీ డబ్బు కార్డు రేటు దగ్గర పోవడం లేదు, 600 అనే అంకె దగ్గర పోతోంది. నాన్నగారు ఆ అంకె మనుషుల లెక్కన చెప్పారా, ఇళ్ళ లెక్కనా? ముందు అది తేల్చండి. కార్డు ఇంటికొకటి చాలు. 600 ఇళ్ళంటే, ఇంటికి ముగ్గురొచ్చినా 1,800 విస్తళ్ళు! కార్డులు మిగిలిపోతే ఏం జరుగుతుందో మీకూ తెలుసు. 'ఎట్టాగూ ఉన్నాయిగా, వీళ్ళకూ ఒకటి ఇద్దాం' అని దారిలో కనిపించినవారికల్లా పంచుతాం. అలా 40 ఇళ్ళు అదనంగా పిలిచి, ఇంటికి ఇద్దరొస్తే 80 భోజనాలు. ప్లేటు 250 అనుకున్నా 20 వేలు. మీ మొత్తం శుభలేఖల బిల్లు కంటే ఎక్కువ. నెల్లూరోళ్ళం, విందు దగ్గర చెయ్యి వెనక్కి తీసుకోం, తీసుకోకూడదు కూడా. అందుకే కోత పెట్టాల్సింది లిస్టులో.

ఒక ఆదివారం అమ్మానాన్నలను కూర్చోబెట్టి ఊళ్ళవారీగా ఇళ్ళు రాయండి: కావలి, ఉదయగిరి వైపు, సింగరాయకొండ, ఒంగోలు. బొట్టుపెట్టి పిలవాల్సిన ఇళ్ళు, మనిషి చేత పంపితే సరిపోయేవి, ఫోన్లో పిలిస్తే చాలనేవి వేరు చేయండి. మేనమామలకు, వియ్యాలవారికి, ఊరి పెద్దలకు నాన్నగారి మాట ప్రకారం షాపు కార్డే ఇవ్వండి. 100 కార్డులకు 3,200. ఇంతకంటే తక్కువ తీసుకుంటే షాపులో ప్రింటింగు చార్జీ మళ్ళీ విడిగా అడగవచ్చు. మీ డిజైనుతో 200 కార్డులకు 100 షీట్లు, పాడయ్యేవాటికి ఇంకో 10 షీట్లు, మొత్తం 3,300. వాటికి 200 కవర్లు, మూడేసి రూపాయల చొప్పున 600 రూపాయలు. అంతా కలిపి 7,100. మిగిలేది 12,100. పిసినారులనే మాట కూడా రాదు. పిలుపులో చూసేది గుమ్మంలోకి వచ్చి బొట్టుపెట్టారా లేదా అన్నదే, కార్డు బరువు ఎవరూ తూచరు. ఊళ్ళు వరుసలో పెట్టుకుని ఒక్కో వైపు ఒక్కసారే తిరిగితే పెట్రోలూ కలిసొస్తుంది.

డిజైన్ విషయంలో ఒకే ఒక్క జాగ్రత్త. వర్డ్ ఫైలు ఇవ్వకండి, పీడీఎఫ్ చేసి ఇవ్వండి. మన డీటీపీ సెంటర్లలో ఇంకా చాలాచోట్ల 'అను' అనే పాత తెలుగు ఫాంట్ల మీదే పని. మీరు ఫోన్లో కొట్టిన తెలుగును అందులో అతికిస్తే ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడతాయి. ముందు ఒక్క షీటు తీయించి, ఇంట్లో పెద్దవాళ్ళ చేత చదివించండి. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే తారీఖు ఒక్కటే వేస్తే సగం మంది మర్నాడొస్తారు. 'శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం' అని వేయాల్సిందే.

ఫోన్లో పిలిచేవారికి అదే కార్డును ఫొటోగానో పీడీఎఫ్‌గానో పంపండి. పెళ్ళిపత్రిక పేరుతో ఏపీకే ఫైళ్ళు (తెరిస్తే ఫోన్లో యాప్ ఎక్కించేవి) పంపి ఖాతాలు ఖాళీ చేసే మోసాలపై 2024లోనే పోలీసులు హెచ్చరించారు. మీకెవరైనా అలాంటిది పంపితే తెరవకండి. పొరపాటున తెరిచి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ప్రింటర్‌కు కడదామనుకున్న 1,250ని ఎనిమిది నెలలపాటు నెలనెలా బ్యాంకులో దాచండి. పెళ్ళి నాటికి 10 వేలు, పైన కొంత వడ్డీ చేతికొస్తాయి. పోస్టాఫీసు ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) మంచిదే కానీ అయిదేళ్ళది, మూడేళ్ళు నిండకుండా మూసేయనివ్వరు. మీ అవసరానికి పనికిరాదు.

మరో మాట. వధూవరుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే పూర్తిగా వేయించండి, ముద్దుపేర్లు బ్రాకెట్లో పెట్టుకోవచ్చు. వివాహ రిజిస్ట్రేషన్‌కు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్ళి ఫొటోలతోపాటు శుభలేఖ కూడా అడుగుతారు. పంపకాలు మొదలుపెట్టకముందే ఓ నాలుగు కార్డులు తీసి బీరువాలో పెట్టండి.