మేనకోడలికి ఉత్తరం: ‘హార్డ్’ వేరు, ‘హార్డ్‌లీ’ వేరు

తెనాలి,
ఆదివారం.

చి.ల.సౌ. అమ్మలుకు మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

దసరా సెలవులు కాగానే హనుమకొండలో మీ ఇంటి ముందు గదిలో, ఇంటరు చదివే ఆడపిల్లలకు సాయంత్రం పూట ఇంగ్లీషు మాట్లాడడం నేర్పబోతున్నావని నిన్న మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. మన ఇంట్లో నా తరువాత సుద్దముక్క పట్టుకునే మనిషి వచ్చిందన్న గర్వం ఒకవైపు ఉంది. ముప్పై ఒక్క సంవత్సరాలు అదే పని చేసినదాన్ని కనుక, అందులో కాలు ఎక్కడ జారుతుందో తెలిసిన భయం మరోవైపు ఉంది. ఫోనులో చెబితే ఊఁ కొడతావు కానీ సగం మరచిపోతావు, అందుకే రాస్తున్నాను.

బల్లలు, బోర్డు, ఫీజుల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. ఇరవై మందికి మించి చేర్చుకోవద్దు. ఎవరి తప్పునూ అందరి ముందు ఎత్తి చూపవద్దు. చీకటి పడకముందే పిల్లలను ఇళ్లకు పంపించు. ఇక ఈ ఉత్తరమంతా, మనిషో వస్తువో ఎలా ఉన్నదీ చెప్పే విశేషణానికీ, పని జరిగిన తీరు చెప్పే క్రియావిశేషణానికీ ఉన్న తేడా గురించే. ఇంత చిన్న విషయానికి ఇన్ని కాగితాలా అనుకోకు. పిల్ల క్రియలో కాలం తప్పు చెబితే వినేవారు సర్దుకుని అర్థం చేసుకుంటారు, కానీ ఈ తప్పు కొన్నిచోట్ల అర్థాన్నే తలకిందులు చేస్తుంది, పైగా చెవికి ఒప్పులాగే వినిపిస్తుంది.

మన పిల్లలు ఈ తప్పు అశ్రద్ధ వల్ల చేస్తారని అనుకుని కోప్పడకు. అది తెలుగులోంచి వచ్చే తప్పు. ‘పాప సంతోషంగా ఉంది’ అంటాం, ‘పాప సంతోషంగా పాడింది’ అనీ అంటాం. మొదటి వాక్యంలో ఆ మాట పాప ఎలా ఉందో చెబుతోంది, రెండవ వాక్యంలో పాడిన తీరు చెబుతోంది, అయినా మనకు రెండుచోట్లా ‘గా’ ఒక్కటే చాలు. ఇంగ్లీషులో మొదటిది ‘హ్యాపీ’, రెండవది ‘హ్యాపిలీ’. ‘గా’ కనబడినప్పుడల్లా ‘లీ’ తగిలించాలని పిల్ల తనకు తానే ఒక సూత్రం కట్టుకుంటుంది. దానితో సగం వాక్యాలు ఒప్పవుతాయి కనుక తక్కిన సగం మీద దానికి అనుమానమే రాదు. నీ దగ్గరకు వచ్చే పిల్లలు ‘మంచిగున్నవా’ అని పలకరించుకుంటారు, ‘మంచిగ పాడింది’ అని మెచ్చుకుంటారు. పాఠం ఆ మాటల దగ్గరే మొదలుపెట్టు. ‘కూర మంచిగున్నది’ అన్నప్పుడు ‘గుడ్’, ‘మంచిగ పాడింది’ అన్నప్పుడు ‘వెల్’. ఒంట్లో ఎలా ఉందని అడిగితే మాత్రం ‘ఐ యామ్ వెల్’ అనవచ్చు, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్నానని చెప్పే చోట ‘వెల్’ కూడా విశేషణమే.

అన్నిటికంటే కష్టమైనవి లుక్, స్మెల్, టేస్ట్, ఫీల్, సౌండ్ అనే అయిదు క్రియలు. నాకు ఇవి బోధపడడానికి చాలా ఏళ్లు పట్టింది, అది కూడా తెలుగు వైపు నుంచి చూస్తేనే బోధపడ్డాయి. ‘ఆయన కోపంగా కనిపించాడు’, ‘ఆయన నా వైపు కోపంగా చూశాడు’ అనే రెండు వాక్యాలు తీసుకో. తెలుగులో ‘కోపంగా’ మారలేదు, క్రియ మారింది. ఇంగ్లీషులో రెండుచోట్లా క్రియ ‘లుక్డ్’ అనే ఉండిపోయింది కనుక, ఆ తేడాను పక్క మాట మోయవలసి వచ్చింది: కనిపిస్తే ‘యాంగ్రీ’, చూస్తే ‘యాంగ్రిలీ’. వాసన రావడం, వాసన చూడడం మనకు వేరు వేరు. రుచిగా ఉండడం, రుచి చూడడం కూడా అంతే. కనుక పిల్లను ముందు తెలుగులో ఆలోచించమను. మల్లెపూవు వాసన వస్తోందా, పాప మల్లెపూవును వాసన చూస్తోందా? వస్తుంటే ‘స్వీట్’. పాప నెమ్మదిగా వాసన చూస్తుంటే ‘స్లోలీ’. ఇంగ్లీషులో ఆలోచించు, తెలుగును మరచిపో అని బోధించేవారు చాలామంది ఉన్నారు. ఈ ఒక్క విషయంలో వారి మాట వినకు, ఇక్కడ దారి చూపించేది తెలుగే. అప్పటికీ తేలకపోతే ఆ క్రియను తీసి ఆ చోట ‘ఈజ్’ పెట్టి చూడమను. అర్థం చెడకుండా వాక్యం నిలిస్తే అక్కడ ఉండవలసింది విశేషణం.

ఇప్పుడు నా తప్పు గురించి చెబుతాను. ఇది మీ నాన్నకు కూడా తెలియదు.

ఉద్యోగంలో చేరిన నాలుగవ సంవత్సరం నాకు పదవ తరగతి ఇచ్చారు. ఆ తరగతిలో ఒక మగ్గం పనివారి అమ్మాయి ఉండేది. తెల్లవారుజామున లేచి తండ్రికి కండెలు చుట్టిపెట్టి, రెండు మైళ్లు నడిచి బడికి వచ్చేది. చేతి వేళ్ల మీద దారం కోసిన గీతలు ఉండేవి. బడి అయిపోయాక నర్సు శిక్షణకు దరఖాస్తు చేస్తూ, గుణగణాల గురించి ఒక ఉత్తరం రాసి ఇవ్వమని నా దగ్గరకు వచ్చింది. నేను ఎంతో ప్రేమతో, మంచి కాగితం మీద, నా చేతిరాత అందంగా ఉంటుందన్న నమ్మకంతో రాశాను. అందులో ఒక వాక్యం ‘షి ఆల్వేస్ వర్క్స్ హార్డ్‌లీ.’ ఆ పిల్ల ఎప్పుడూ కష్టపడి పనిచేస్తుందని చెప్పానని నేను అనుకున్నాను. ‘హార్డ్‌లీ’ అంటే ‘దాదాపు లేనట్టే’ అని అర్థం. పని చేయని పిల్ల అని నా సంతకంతో రాసి, ఆ కాగితం ఆ పిల్ల చేతికే ఇచ్చి పంపాను.

పది రోజుల తరువాత ఆమె తిరిగి వచ్చింది. ఇంటర్వ్యూలో పెద్దావిడ ఆ ఉత్తరం చదివి, ‘మీ టీచరుగారే ఇలా రాశారేమమ్మా’ అని అడిగిందట. ఏం రాశారో ఈ పిల్లకు తెలియదు, ఏం జవాబు చెప్పాలో తోచలేదు. ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, ‘టీచర్, నేను మీకు ఏమైనా తప్పు చేశానా?’ అని అడిగింది. ఆ ప్రశ్న నాకు ఈనాటికీ వినిపిస్తుంది. బీరువాలోని నిఘంటువు తీసి ఆమె ఎదుటే చూశాను. చూసి, తప్పు నాదని ఆమెకు చెప్పాను. సీటు రాకపోవడానికి ఆ వాక్యమే కారణమని ఎవరూ అనలేదు, కాదని కూడా ఎవరూ అనలేదు. మరుసటి సంవత్సరం ‘షి వర్క్స్ హార్డ్’ అని మళ్లీ రాసి ఇచ్చాను, సీటు వచ్చింది. కానీ మధ్యలో ఒక సంవత్సరం ఆ పిల్ల మగ్గం దగ్గరే కూర్చుంది.

అంతకంటే పెద్ద భయం ఆ రాత్రి పట్టుకుంది. ‘క్రియ పక్కన వచ్చే మాటకు ఎల్, వై చేర్చండి’ అని అప్పటికి మూడేళ్లుగా నేనే బోర్డు మీద రాస్తూ వచ్చాను. నా దగ్గర ఉన్న పిల్లలకు మరునాడే దిద్ది చెప్పాను. అప్పటికే బడి దాటి వెళ్లిపోయిన పిల్లలు ఆ సూత్రాన్ని ఎక్కడెక్కడికి తీసుకువెళ్లారో, ఏ దరఖాస్తులో రాశారో నాకు తెలిసే దారి లేదు. ఎవరైనా తప్పు మాట్లాడితే అది వారితోనే పోతుంది, టీచరు తప్పు నేర్పితే అది ఇరవై నోళ్లలో బతుకుతుంది. నీ విషయంలో నాకున్న భయం ఇదే.

కనుక ‘లీ’ అనే తోక అంటించుకోని మాటలను మొదటి వారంలోనే చెప్పు. హార్డ్, ఫాస్ట్, లేట్, ఎర్లీ, స్ట్రెయిట్ వంటివి రెండు పనులకూ ఒకే రూపంతో వస్తాయి. పాత ఇంగ్లీషులో క్రియావిశేషణానికి చివర ఒక చిన్న అచ్చు ఉండేది. కాలక్రమంలో అది ఊడిపోయి, వీటిలో చాలావరకు విశేషణాలలాగే మిగిలిపోయాయి. ‘ఫాస్ట్‌లీ’ అనే మాట నేటి ఇంగ్లీషులో లేదు. ఇళ్లలో ‘ఫాస్ట్‌గా రా’ అని మనమే ‘గా’ చేరుస్తాం కనుక పిల్లలకు అది ఉండాలనిపిస్తుంది. ‘లేట్‌లీ’ ఉంది కానీ దాని అర్థం ‘ఈ మధ్య’ అని, ‘ఆలస్యంగా’ అని కాదు. ‘నియర్‌లీ’ అంటే ‘దాదాపు’, ‘దగ్గరగా’ కాదు. ఈ జతలను వాక్యాలలో పెట్టి పలికించు, పట్టికగా బట్టీ పట్టించవద్దు.

తెలివైన పిల్ల ఒకతె తప్పకుండా లేచి, బడి ముందు బోర్డు మీద ‘గో స్లో’ అని ఉంటుంది కదా, అది తప్పా అని అడుగుతుంది. తప్పు కాదని చెప్పు. అటువంటి చోట ‘స్లో’ కూడా క్రియావిశేషణంగా చెల్లుతుంది. యాపిల్ కంపెనీవారు 1997లో ప్రచారంలో పెట్టిన ‘థింక్ డిఫరెంట్’ గురించి అడిగితే, దానిని ‘థింక్ బిగ్’ వంటి ప్రయోగంగా సమర్థించవచ్చు కానీ, దరఖాస్తులలో, పరీక్షలలో ‘డిఫరెంట్‌లీ’ అని రాయడమే క్షేమమని చెప్పు. ‘స్లోలీ స్లోలీ’, ‘హాట్ హాట్ కాఫీ’ అని జంటగా పలికితే నవ్వవద్దు. ‘వేడి వేడి’ అనే మన మాటలోని తీపి అది. ఇంగ్లీషులో ఒక్కసారి చాలునని చెబితే సరిపోతుంది.

నిన్నూ ఒక మాట అనాలి. పోయిన వేసవిలో పెళ్లిలో పాప నాట్యం చూసి ‘షి డాన్స్డ్ సో బ్యూటిఫుల్’ అన్నావు. నేను నీ వెనుక కుర్చీలోనే ఉన్నాను. ‘బ్యూటిఫులీ’ అనాలి, అమ్మలూ. పిల్లల ముందు నిలబడబోయే మనిషికి పెళ్లి పందిరిలో కూడా నోరు అదుపులో ఉండాలి. అప్పుడే దిద్దుదామనుకున్నాను కానీ, నీ ముఖంలో ఉన్న సంతోషం చూసి మాట రాలేదు.

తోక ఉన్నంత మాత్రాన క్రియావిశేషణం కాదని కూడా చెప్పాలి. ఫ్రెండ్లీ, లవ్లీ, లోన్లీ అన్నీ విశేషణాలే. ఆ ‘లీ’కి మూలం ‘రూపం, శరీరం’ అనే అర్థమున్న పాత మాట, మనకు తెలిసిన ‘లైక్’కు చుట్టం. స్నేహితుని వంటివాడు కనుక ‘ఫ్రెండ్లీ’. నువ్వు ఆరవ తరగతిలో హాస్టలు నుంచి నాకు రాసిన మొదటి ఇంగ్లీషు ఉత్తరంలో ‘ఐ ఫీల్ లోన్లీ హియర్’ అని ఉంది. క్రియ తరువాత విశేషణం ఎంత సరిగ్గా పెట్టిందో అని మురిసిపోయి, నీ వ్యాకరణాన్ని మెచ్చుకుంటూ జవాబు రాశాను. ఆ వాక్యం ఏం చెబుతోందో చూడలేదు. బస్సెక్కి రావలసిన దాన్ని, ఉత్తరం రాసి ఊరుకున్నాను. నీ దగ్గరకు వచ్చే పిల్ల ఎవరైనా అటువంటి వాక్యం రాస్తే, దానిలోని ఒప్పు తప్పులు మరునాడు చూడు.

మీ నాన్న వచ్చే వారం హనుమకొండ వస్తున్నాడు. నా నిఘంటువు అతనితో పంపుతున్నాను. అట్ట ఊడింది, గోధుమరంగు కాగితం చుట్టి కుట్టించాను. హెచ్ అక్షరం పుటల మధ్య మడత పెట్టిన పాత కాగితం ఒకటి ఉంటుంది. అది ఆ అమ్మాయి నా బల్ల మీద వదిలిపెట్టి వెళ్లిన ఉత్తరమే. చదువుకో, కానీ ఆ చోటు నుంచి తీయవద్దు.

అల్లుడుగారికి నా ఆశీస్సులు.

నీ మేనత్త