డెక్ మార్చాలా, బాగు చేయించాలా? డబ్బు ఎక్కడి నుంచి తీయాలి?

ప్రశ్న: న్యూజెర్సీలో మా సొంత ఇంటి వెనక 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పున్న చెక్క డెక్ (ఇంటికి ఆనించి కట్టిన చెక్క అరుగు) ఉంది. వేసి పదకొండేళ్లయింది. పలకలు బూడిద రంగుకు తిరిగాయి, పెచ్చులు లేస్తున్నాయి, నాలుగైదు చోట్ల మెత్తబడ్డాయి. మొత్తం తీసేసి కాంపోజిట్ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలకలు) వేయడానికి ఒక కాంట్రాక్టరు 14,000 డాలర్లు చెప్పాడు. పాడైన పలకలు మార్చి, కడిగి స్టెయిన్ (చెక్కలోకి ఇంకి కాపాడే రంగు) వేయడానికి ఇంకొకరు 2,600 అన్నారు. నెలకు 900 డాలర్లు మిగులుతాయి. ఎమర్జెన్సీ ఫండ్ 9,000 ఉంది. హైదరాబాద్‌లో ఎన్ఆర్ఓ ఖాతాలో (ప్రవాసులు ఇండియాలోని ఆదాయానికి పెట్టుకునే ఖాతా) 15 లక్షల ఎఫ్‌డీ ఉంది. దాన్ని తీసి కాంపోజిట్ వేయించనా, 8 శాతానికి హెలాక్ (ఇంటి విలువ మీద ఇచ్చే అప్పు) తీసుకోనా?

జవాబు: ఇప్పటికైతే రెండూ వద్దు. డబ్బు ఎక్కడి నుంచి తేవాలో తేల్చేముందు డెక్ కిందికి దూరి చూడాలి. పై పలకలు పోతే వందల్లో ఖర్చు. కింద మోసే దూలాలు (జోయిస్టులు), ఇంటి గోడకు బిగించిన లెడ్జర్ బోర్డు పోతే వేలల్లో. ఇద్దరు కాంట్రాక్టర్లలో ఎవరైనా కింద చూశారో లేదో మీరు రాయలేదు. చూడకుండా చెప్పిన ధరను నమ్మి అప్పు చేయకండి.

వాన లేని రోజు ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని లెడ్జర్ పొడవునా, స్తంభాల అడుగున, మెట్ల కింది చివర, జోయిస్టుల పైఅంచున గుచ్చి చూడండి. గట్టి చెక్కలో మొన దిగదు. పావు అంగుళం దాటి మెత్తగా దిగిందంటే అక్కడ కుళ్లు పట్టినట్టే. జోయిస్టుల్ని పట్టి ఉంచే ఇనుప హ్యాంగర్లు ఎర్రగా తుప్పు పట్టాయేమో చూడండి. 2004 నుంచి ఇళ్లకు వాడుతున్న ట్రీటెడ్ పైన్‌లో రాగి ఎక్కువ, అది మామూలు మేకుల్ని తినేస్తుంది. హాట్ డిప్ గాల్వనైజ్డ్ (మందంగా జింకు పూత పూసినవి) గానీ స్టెయిన్‌లెస్ గానీ అయితేనే నిలుస్తాయి. లెడ్జర్‌ను బోల్టులు లేకుండా మేకులతోనే కొట్టి ఉంటే, స్టెయిన్ సంగతి పక్కన పెట్టి ముందు దాన్ని సరిచేయించండి. డెక్కులు కూలడం ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. దాని పైన నీళ్లను బయటికి మళ్లించే ఫ్లాషింగ్ రేకు లేకపోతే నీళ్లు గోడలోకి దిగుతాయి, అప్పుడు ఖర్చు డెక్‌తో ఆగదు.

ఫ్రేమ్ (పలకల కిందున్న జోయిస్టులు, లెడ్జర్, స్తంభాలు) కుళ్లి ఉంటే బాగయ్యేదాకా డెక్ మీద నలుగురూ చేరకండి. 14,000లో కొత్త ఫ్రేమ్, టౌన్‌షిప్ పర్మిట్ కలిసి ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. కాంపోజిట్ పలకల కింద ఉండేది కూడా చాలాచోట్ల చెక్క ఫ్రేమే. కుళ్లిన ఫ్రేమ్ మీద ఖరీదైన పలకలు పరిస్తే ఆ డబ్బు నీళ్లపాలే.

ఫ్రేమ్ బాగుంటే 2,600 పని చాలు. మీ మూడు నెలల మిగులు 2,700తో అది తీరిపోతుంది, ఎమర్జెన్సీ ఫండ్ జోలికి వెళ్లక్కర్లేదు. అదే 14,000 హెలాక్‌ను 8 శాతానికి పదేళ్లలో తీరిస్తే నెలకు సుమారు 170, మొత్తం వడ్డీ 6,400 దాకా అవుతుంది. పైగా హెలాక్ వడ్డీ మామూలుగా మారుతూ ఉంటుంది. ఎఫ్‌డీ దారి కూడా చవక కాదు. 12 లక్షలకు పైనే తీయాలి, గడువుకు ముందే కాబట్టి వడ్డీ కోత పడుతుంది. ఎన్ఆర్ఓ నుంచి పంపాలంటే బ్యాంకు పన్ను కాగితాలు, చాలాసార్లు చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ అడుగుతుంది.

ఇక 2,600కు ఏం చేస్తారో అడగండి. కడగడానికి ఆక్సిజన్ బ్లీచ్ వాడాలి, క్లోరిన్ బ్లీచ్ చెక్క పోగుల్ని పాడు చేస్తుంది. ఆ తర్వాత చెక్క రంగు తేటపరిచే ఆక్జాలిక్ యాసిడ్ బ్రైట్‌నర్. ప్రెషర్ వాషర్ వాడితే పైన్‌కు నీటి ఒత్తిడి 600 పీఎస్ఐ మించకూడదు, ఒకేచోట ఆపి పట్టకూడదు. పట్టారంటే పోగులు లేచి మళ్లీ నీరు పీలుస్తాయి. కడిగాక బాగా ఆరనివ్వాలి, తేమ మీటరు 15 శాతం లోపు చూపాలి. తడి చెక్క మీద వేసిన స్టెయిన్ మొదటి చలికాలానికే ఊడుతుంది. నేల 192 చదరపు అడుగులు, రెయిలింగ్, మెట్లు కలిపితే దాదాపు 300. ఎండిన పాత చెక్క ఎక్కువ పీలుస్తుంది, గ్యాలనుకు 150 నుంచి 200 చదరపు అడుగులు అనుకోండి, అంటే రెండు గ్యాలన్లు. నేలకు సెమీ ట్రాన్స్‌పరెంట్ (చెక్క గీతలు కనిపించే) స్టెయిన్ మేలు. పెయింట్ పొరలా నిలిచేది లేస్తే మొత్తం గీకాల్సి వస్తుంది. ఆయిల్ స్టెయిన్ తుడిచిన గుడ్డల్ని కుప్పగా పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి. పరిచి బయట ఆరబెట్టమనండి.

సూర్యరశ్మి చెక్క పైపొరను విరగ్గొడుతుంది, ఆ సందుల్లో దిగిన నీరు చలికి గడ్డకట్టి చీలుస్తుంది. అందుకే రెండు మూడేళ్లకోసారి స్టెయిన్ తప్పదు. ఏడాదికోసారి నేల మీద నాలుగు నీటి చుక్కలు వేయండి. బొట్టుగా నిలవకుండా వెంటనే ఇంకితే వేయాల్సిన సమయం వచ్చినట్టే. పలకల సందుల్లో ఆకులు పేరుకోనివ్వకండి, మంచు తీయడానికి ప్లాస్టిక్ పార వాడండి.

నెలకు 120 డాలర్లు విడిగా హై ఈల్డ్ (ఎక్కువ వడ్డీ ఇచ్చే) సేవింగ్స్‌లో వేస్తూ పోండి. పదేళ్లకు అసలే 14,400 అవుతుంది, అప్పటికి డెక్ మార్చాల్సి వస్తే చేతిలో డబ్బు ఉంటుంది. స్టెయిన్ డబ్బాల ఖర్చు దీంట్లోంచి తీయకుండా నెలవారీ మిగులులోంచి పెట్టుకోండి.

ఇంటి బీమా కుళ్లుకు డబ్బివ్వదు. చెట్టు విరిగి పడటంలాంటి హఠాత్ నష్టానికే ఇస్తుంది, నిర్వహణ లోపమని తేలితే కొర్రీలు పెడుతుంది. కాబట్టి బాగు చేయించిన ఫొటోలు, రసీదులు దాచండి. స్టెయిన్, చిన్న రిపేర్లు పన్నులో లెక్కకు రావు. మొత్తం కొత్త డెక్ వేస్తే మాత్రం ఆ ఖర్చు ఇంటి కాస్ట్ బేసిస్‌కు (లాభం లెక్కలో ఇంటి ఖరీదుగా తీసుకునే మొత్తానికి) కలుస్తుంది, అమ్మేటప్పుడు పనికొస్తుంది.

మరొక మాట. మీ 15 లక్షల ఎఫ్‌డీ 10,000 డాలర్లు దాటింది. ఏటా ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలను అమెరికా ప్రభుత్వానికి తెలిపే ఫారం) దాఖలు చేస్తున్నారో లేదో మీ ట్యాక్స్ ప్రిపేరర్‌ను ఈ వారమే అడగండి, చేయకపోతే పడే జరిమానా డెక్ ఖర్చును మించిపోగలదు.