ఫెర్రీ ఎక్కే ముందు చక్రం కింద చెక్క పెట్టు

ఒరే అల్లుడూ,

అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌లో నీకు లారీ పని దొరికిందనీ, అక్కణ్ణించి ఉత్తరాన డిగ్లీపూర్ దాకా సిమెంటు తోలాలనీ మీ అమ్మ మొన్న ఫోన్‌లో చెప్పింది. సోంపేట బజారంతా చెప్పుకుని తిరిగాను, రాత్రయితే మాత్రం నిద్ర లేదు. (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మా నోటికి పోర్ట్ బ్లెయిరే.)

పేపర్లు, స్టెప్నీ, నీళ్లు, నీకు చెప్పక్కర్లేదు. అక్కడ సాయంత్రం ఐదున్నరకే చీకటి పడిపోద్ది, అది గుర్తుంచుకో. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా 49 కిలోమీటర్లు జరావాలనే ఆదివాసుల అడవి, కాన్వాయ్‌లోనే పోవాలి, 40 దాటకూడదు, ఓవర్‌టేక్ లేదు, ఆపడం అసలే లేదు. రోడ్డు పక్కన వాళ్ల పిల్లలు కనబడితే ఫోన్ తీశావో, బిస్కెట్ పొట్లం విసిరావో, నా మేనల్లుడివే కాదు. జైలు సంగతి తర్వాత, ముందు వాళ్ల ఇంట్లోంచి పోతన్నాం మనం.

నా భయం ఆ అడవి దాటాక మిడిల్ స్ట్రెయిట్‌లో లారీల్ని నీళ్లు దాటించే ఫెర్రీరా. 2009లో నేనూ సిమెంటు లోడుతోనే ఎక్కించాను, తెల్లారగట్ల నాలుగింటి నుంచి క్యూలో ఉన్న ఒళ్లు, హ్యాండ్‌బ్రేక్ లాగాను గానీ గేర్లో వెయ్యలేదు, చక్రం కింద చెక్క పెట్టలేదు. ఫెర్రీ కుర్రాడు హిందీలో అరుస్తానే ఉన్నాడు, హా హా అనేసి దిగి, నా లారీకీ ముందు జీపుకీ మధ్యన నిలబడి బీడీ ముట్టించాను. అవతల బారాటాంగ్ దీవిలో నీలంబూర్ జెట్టీకి తగిలి ఒక్క కుదుపు, అంతే, లారీ చప్పుడు లేకుండా కదిలింది. గెంతాను గానీ కుడికాలి చెప్పు అక్కడే ఉండిపోయింది, దాంతో పాటు చిటికెనవేలు. చిన్నప్పుడు నువ్వు తడిమి అడిగితే మొసలి కొరికిందని చెప్పేవాణ్ణి చూడు, అదీ సంగతి. నేను నిలబడ్డ చోటే అంతకు ముందు ఒకావిడ చేపల బుట్ట పెట్టుకుని కూచుంది, సిమెంటు దుమ్ము పడతందని నన్ను తిట్టుకుంటా లేచెళ్లింది. వేలు పోయినందుకు నాకేం లేదు, ఆ బుట్టే ఇప్పటికీ కల్లోకొస్తాది.

అప్పట్లో బారాటాంగ్ దాటాక ఉత్తరా జెట్టీ దగ్గర ఇంకో ఫెర్రీ ఉండేది, తర్వాత వంతెన తెరిచారు, నీకు ఒక్కటే గండం.

విశాఖలో ఓడెక్కే ముందు ఇంటికొచ్చి వెళ్లు. మీ అత్త జీడిపప్పు వేయించి పెడతాదంట. చింతమొద్దుతో రెండు చెక్కలు చెక్కించాను, బరువని సణగకుండా పట్టుకెళ్లు. వేలి సంగతి మీ అమ్మకి చెప్పకు, రాయి పడిందనే అనుకుంటంది.

మీ మావ