బ్యాట్‌కి తగిలిందని మనకు తెలిసినా, అంపైర్ నాటౌట్ అంటే నిలబడొచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. బంతి సన్నగా ఎడ్జ్ తీసుకుని, అంటే బ్యాట్ అంచుకి తగిలి, కీపర్ చేతిలో పడింది. ఆ సంగతి బ్యాట్స్‌మన్‌కి తెలుసు, అంపైర్ మాత్రం అవుటని వేలెత్తలేదు. తనంతట తానే వెళ్లిపోవాలా, అంపైర్ తప్పు అంపైర్‌దే అని నిలబడాలా?

నన్నడిగితే ముందు అక్కడ అంపైర్‌గా నిలబడింది ఎవరో చూడాలి. టీవీలో వచ్చే మ్యాచ్‌కి ఒక జవాబు, మన ఊళ్లో ఆడే మ్యాచ్‌కి ఇంకొకటి. ఎందుకో చెప్పాలంటే నేను చేసిన తొండి ఒకటి చెప్పుకోవాలి.

మాది కందుకూరు దగ్గర పల్లె. ఈ కథ జరిగింది పదిహేనేళ్ల కిందట. సంక్రాంతికి హైస్కూల్ గ్రౌండ్‌లో టెన్నిస్ బాల్ టోర్నమెంట్, మొదటి బహుమతి పొట్టేలు. రూల్స్ మీకు తెలిసినవే. ఎల్బీ లేదు, అంటే వికెట్లకి అడ్డంగా కాలికి తగిలినా అవుట్ కాదు; ఏ టీము బ్యాటింగ్ చేస్తుంటే ఆ టీము వాళ్లే అంపైరింగ్ చెయ్యాలి. బ్యాటింగ్ రానివాడినో, ఇంకా వంతు రానివాడినో పంపిస్తాం. ఆ రోజు పంపించింది పదో తరగతి చదివే కుర్రాడిని.

సెమీఫైనల్. పొద్దున ఎనిమిదింటికి మొదలైంది, గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. చివరి ఓవర్లో తొమ్మిది పరుగులు కావాలి. రెండో బంతి ఆఫ్ సైడ్ బయట పడింది, కట్ చెయ్యబోయాను, తగిలింది. చప్పుడు నాకే వినపడలేదు. కానీ చేతికి తెలిసిపోతుంది, పిడిలో చిన్న జిల్లులాగా. అవతలి టీము కీపర్ మా మేనమామ కొడుకు. బంతి పట్టుకుని ఊరంతా వినపడేలా అరిచాడు. అంపైర్ కుర్రాడు ముందు నా మొహం చూశాడు. నేను స్కూలు గోడ వైపు చూశాను. వాడు తల అడ్డంగా ఊపాడు.

బావ పరిగెత్తుకుంటూ నా దగ్గరకొచ్చి, "ఏది బావా, బ్యాటు చూపియ్యి" అన్నాడు. మంచులో తడిసిన బంతి కదా, బ్యాట్ అంచున పావలా బిళ్లంత తడి మచ్చ పడింది. నేను చూపించాను. కాకపోతే వాడు వచ్చేలోపే బొటనవేలితో దాన్ని తుడిచేశాను.

మ్యాచ్ గెలిచాం. తిట్లన్నీ ఆ కుర్రాడికి పడ్డాయి. తొండి అంపైర్ అన్నారు, చొక్కా పట్టుకున్నారు, పెద్దవాళ్లు అడ్డం పడకపోతే రెండు తగిలేవి కూడా. నన్ను మాత్రం ఒక్కరూ ఏమీ అనలేదు. బ్యాట్స్‌మన్‌ని ఎవరూ అనరు, ఊరి క్రికెట్లో అదో వింత. ఫైనల్ కూడా గెలిచి పొట్టేలు కోసుకుంటే వాడూ వచ్చి శుభ్రంగా తిన్నాడు. మరుసటి ఏడాది అంపైరింగ్‌కి పిలిస్తే మాత్రం, "నువ్వు బ్యాటింగ్ చేసేటప్పుడు నేను నిలబడనన్నా" అని మొహం మీదే చెప్పాడు.

ఇంతకీ క్రికెట్ చట్టం ఏమంటుందంటే, ఫీల్డింగ్ వాళ్లు అప్పీల్ చెయ్యనిదే అంపైర్ ఎవరినీ అవుట్ ఇవ్వకూడదు. నిజంగా అవుటైన బ్యాట్స్‌మన్ అప్పీల్ లేకుండానే వెళ్లిపోతానంటే అడ్డు లేదు. వెళ్లి తీరాలని ఎక్కడా లేదు. పైగా అవుట్ కాకుండానే పొరపాటున వెళ్లిపోతున్నాడని అంపైర్‌కి అనిపిస్తే వెనక్కి పిలవాలి కూడా. కాబట్టి రూల్ బుక్ తీసి ఈ వాదన తేల్చలేం.

టీవీ మ్యాచ్‌ల్లో నిలబడేవాళ్లని నేను తప్పుపట్టను. 2008 జనవరిలో సిడ్నీ టెస్ట్ చూడటానికి తెల్లవారుజామునే లేచి కూర్చున్న బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ సైమండ్స్ 30 దగ్గర మన ఇషాంత్ బంతిని ఎడ్జ్ చేస్తే అంపైర్ బక్నర్ నాటౌట్ అన్నాడు. అతను 162 చేసి అవుట్ కాకుండా మిగిలాడు. ఆ తర్వాత కొట్టినవే 132, మనం ఓడింది 122 పరుగుల తేడాతో. ఆ రోజు సాయంత్రం తను అవుటేనని సైమండ్స్ ఒప్పుకున్నాడు. మేం తిట్టిన తిట్లకి లెక్క లేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ కోపంలో సగానికి పైగా అంపైర్ మీద ఉండాల్సిందే. జీతం తీసుకుని, ఏ జట్టుకీ చెందకుండా నిలబడినవాడు ఆయనే. 2013లో ఇంగ్లండ్‌లోని ట్రెంట్‌బ్రిడ్జ్‌లో ఆస్ట్రేలియా మీద ఇంగ్లండ్ ఆటగాడు బ్రాడ్ 37 దగ్గర ఎడ్జ్ చేస్తే బంతి కీపర్ గ్లవ్స్‌కి తగిలి, పక్కనే స్లిప్‌లో ఉన్న క్లార్క్ చేతిలో పడింది. ఇంగ్లండ్ నుంచి కందుకూరు దాకా అందరికీ కనపడింది, అంపైర్‌కి తప్ప. అంపైర్ నిర్ణయాన్ని టీవీలో మళ్లీ చూడమని అడిగే రివ్యూలు ఆస్ట్రేలియా దగ్గర అయిపోయాయి. బ్రాడ్ 65 చేశాడు, ఇంగ్లండ్ 14 పరుగులతో గెలిచింది. రివ్యూలు ముందే వాడేసుకున్నది ఎవరు మరి?

వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. 2003 ప్రపంచకప్ సెమీస్‌లో శ్రీలంక మీద ఆస్ట్రేలియా ఓపెనర్ గిల్‌క్రిస్ట్ 22 దగ్గర, అంపైర్ అవుటివ్వకపోయినా నడిచి వెళ్లిపోయాడు. 2011లో చెన్నైలో వెస్టిండీస్ మీద సచిన్ రెండు పరుగులకే అదే పని చేశాడు. చెన్నై చెపాక్ స్టేడియం మా వైపు వాళ్లకి పక్కూరి లెక్క, రైలెక్కి వెళ్లిన మా ఫ్రెండ్స్ సచిన్ కోసం వెళ్లి మొదటి ఓవర్లోనే నీరసపడిపోయారు. యువరాజ్ సెంచరీ కొట్టబట్టి సరిపోయింది.

"అన్యాయంగా అవుటివ్వడం, అవుటైతే ఇవ్వకపోవడం, రెండూ కలిపి లెక్క సరిపోద్ది" అని కొందరంటారు. సరిపోదండీ. మోకాలు దెబ్బతిన్నాక నేనే అంపైరింగ్‌కి దిగాను. ఉలవపాడు వైపు ఒక మ్యాచ్‌లో సముద్రపు గాలి గట్టిగా వీస్తోంది. ముందు బౌలర్ కాలు గీత దాటిందా చూడాలి, వెంటనే తలెత్తి ఇరవై మీటర్ల అవతల బ్యాట్ చూడాలి. ఈలోపు టప్ మని చప్పుడు, కీపర్ అరుపు. వేలెత్తేశాను. బ్యాట్స్‌మన్ కదల్లేదు. ఫుల్ హ్యాండ్స్ వదులు చొక్కా వేసుకున్నాడు, బొత్తాం పెట్టని చేతిని పైకెత్తి, "అన్నా, ఇది కొట్టుకున్న చప్పుడన్నా" అన్నాడు. గాలికి అది మళ్లీ అలాగే టప్ మంది. అంపైర్ వెంటనే అయితే తన నిర్ణయం మార్చుకోవచ్చని నాకు తెలుసు. అంతమంది ముందు పరువు అడ్డమొచ్చి మార్చుకోలేదు. పండక్కి సెలవు పెట్టుకుని హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాడు, ఆ ఏడాది వాడికి దక్కిన బ్యాటింగ్ అంతే. ఆ లెక్క ఎవరి ఖాతాలో సరిపోయినట్టు?

ఇంకో రకం వాళ్లున్నారు, వీళ్లతోనే నాకు చిరాకు. పది పరుగుల దగ్గర, ఓడిపోయే మ్యాచ్‌లో, చెయ్యి ఊపుతూ వెళ్లిపోయి మంచివాడని పేరు తెచ్చుకుంటారు. ఫైనల్లో ఎడ్జ్ తగిలితే కదలరు. "వాడు నిలబడ్డాడంటే తగిలుండదులే" అని అంపైర్ అనుకుంటాడు. వీళ్లకంటే ఎప్పుడూ వెళ్లనివాడే నయం, వాడి మొహం చూసి ఎవరూ మోసపోరు.

కాబట్టి నా జవాబు ఇదీ. బయటి అంపైర్, రివ్యూ ఉన్న మ్యాచ్ అయితే నిలబడండి, కానీ బంతి అక్కడ తగిలినట్టు మోచెయ్యి రుద్దుకోవడం, ప్యాడ్ చూపించడం లాంటి నటన వద్దు. ఆయన ఏ నిర్ణయమిస్తే దానికి నోరు మూసుకుని తలొంచండి. మీ టీము కుర్రాడే అంపైర్ అయితే మాత్రం తగిలిన వెంటనే వచ్చేయండి. నాటౌట్ అన్న మాట వాడి నోటితో చెప్పిస్తున్నారు, దెబ్బలూ వాడికే.

ఆ సెమీఫైనల్ సంగతి బావకి చాలా ఏళ్ల తర్వాత, వాళ్ల చెల్లెలి పెళ్లిలో చెప్పేశాను. కోప్పడతాడనుకున్నా. "తుడవడం అప్పుడే చూశాన్లే బావా, నీ బొటనవేలు తడిగా ఉంది" అన్నాడు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదంటే, వడ్డన పంక్తిలోకి సాంబారు బకెట్ పట్టుకుని వెళ్లిపోయాడు.