సమాధానం: ఆ తొలి వెలుగు కోసం శాటిలైట్ ఎందుకు?

అన్నా, హనుమకొండ సైన్స్ ఫెయిర్‌లో జడ్జి మీ పాపను "తొలి విశ్వపు రేడియేషన్ అన్ని దిక్కుల నుంచీ వస్తుంటే నేల మీదే యాంటెన్నా పెట్టొచ్చుగా?" అని అడిగితే ఎలా అని టెన్షన్ పడుతున్నారు కదా.

ఆ రేడియేషన్ అంటే విశ్వం పుట్టిన కొత్తలో వెలువడి, ఇప్పటికీ మైక్రోవేవ్‌లుగా అంతటా వ్యాపించి ఉన్న వెలుగు. 1964లో పెంజియాస్, విల్సన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు దాన్ని పట్టింది నేల మీది యాంటెన్నాతోనే. పాప ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. చిక్కల్లా ఏంటంటే, ఆ రేడియేషన్ ఉష్ణోగ్రత 2.725 కెల్విన్ (సుమారు మైనస్ 270 డిగ్రీల సెల్సియస్) మాత్రమే. అందులో దిక్కుకీ దిక్కుకీ మధ్య వెతకాల్సిన తేడాలు లక్షో వంతు! మన గాలిలోని నీటి ఆవిరి ఆ మైక్రోవేవ్‌లను కొంత మింగేస్తుంది, తనూ కొంత వెదజల్లుతుంది. చలికాలం పొద్దున్నే భద్రకాళి చెరువు మీద పొగమంచు కమ్మితే అవతలి గట్టు కనిపించదు చూడండి, అలాగన్నమాట.

అందుకే 1989లో కోబే అనే శాటిలైట్ పైకి వెళ్లింది. ఆ తర్వాతి శాటిలైట్లు డబ్ల్యూమ్యాప్ (2001), ప్లాంక్ (2009) ఏకంగా భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం, సూర్యుడికి అవతలి వైపుకు వెళ్లాయి. అక్కడ సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే వైపు ఉంటాయి కాబట్టి వాటి వేడికి అడ్డు పెట్టుకోవచ్చు. ప్లాంక్‌లో కొన్ని డిటెక్టర్లను 0.1 కెల్విన్ దాకా చల్లబరిచారు. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

జడ్జి ఇంకా అడిగితే, గాలి బాగా పొడిగా ఉండే దక్షిణ ధ్రువం, అటకామా ఎడారిలో నేల మీది పరిశీలనలు ఇప్పటికీ జరుగుతున్నాయని చెప్పమనండి.