చిన్న మార్పే కదా అనుకునే ముందు

చిన్నీ,

మామయ్య ఆశీస్సులు. మీ కంపెనీలో బటన్లు, డ్రాప్‌డౌన్లు, డేట్ పికర్లు అన్నీ ఉన్న ఆ జావాస్క్రిప్ట్ లైబ్రరీని (మిగతా టీమ్‌లు తమ యాప్‌లలో వాడుకునే రెడీమేడ్ కోడ్) ఇకనుంచి నువ్వే చూసుకోవాలని అప్పజెప్పారట. అక్క ఫోన్లో చెప్పి, "ఇది ప్రమోషనేనా తమ్ముడూ?" అని అడిగింది. అవునన్నాను. సగం అబద్ధమే. పాత ఇంట్లో కరెంటు వైరింగ్ చూసుకోవడం లాంటి పని అది. దీపాలన్నీ వెలుగుతున్నంత కాలం నువ్వున్నావని కూడా ఎవరికీ గుర్తుండదు.

పాత కోడ్ బ్రేక్ కాకుండా కొత్తవి ఎలా చేర్చాలి, టెస్టులు (కోడ్ సరిగ్గా నడుస్తోందో లేదో చూసే చిన్న ప్రోగ్రాములు) ఎన్ని రాస్తే సరిపోతుంది అని అడిగావు. ముందు నా ఘనకార్యం ఒకటి విను.

అప్పట్లో మా లైబ్రరీలోని సెలెక్ట్ కాంపోనెంట్‌లో (జాబితా నుంచి ఒకటి ఎంచుకునే పెట్టె) ఒక లోపం ఉండేది. ఒక ఊరు ఎంచుకుని ఉన్నాక మళ్ళీ అదే ఊరిని నొక్కినా ఆన్‌చేంజ్ పిలుపు (విలువ మారిందని యాప్‌కి చెప్పే కబురు) వెళ్ళేది. విలువ మారకుండానే మారిందని చెప్పడం తప్పే కదా. ఒక్క ఇఫ్ షరతు పెట్టి, వర్షన్ 4.2.6ని 4.2.7 చేసి, శుక్రవారం సాయంత్రం వదిలేసి ఇంటికెళ్ళిపోయాను. సోమవారం పొద్దున్నే ఇంకో టీమ్ నుంచి ఫోన్. వాళ్ళ స్క్రీన్ మీద రిఫ్రెష్ బటన్ లేదు. లిస్టు మళ్ళీ లోడ్ అవ్వాలంటే ఉన్న ఊరినే ఇంకోసారి నొక్కమని వాడేవాళ్ళకు నేర్పేశారు. నాకు బగ్, వాళ్ళకు ఫీచర్. "డాక్యుమెంటేషన్‌లో ఎక్కడుంది చూపించండి" అని వాదించాను. వాదనలో గెలిచాను కూడా. మధ్యాహ్నానికల్లా ఆ ఇఫ్ తీసేసి 4.2.8 వదిలింది మాత్రం నేనే.

మనం పబ్లిక్ అని రాసుకున్నదే మన మాట అనుకుంటాం. కానీ బయటికి కనబడే ప్రతిదాన్నీ ఎవరో ఒకరు పట్టుకుని వేలాడుతుంటారు. ఏ ఈవెంట్ ముందు వస్తుంది, ఏ డివ్‌కి ఏ క్లాస్ పేరు ఉంది, డైలాగ్ మూసేశాక ఫోకస్ ఎక్కడికి పోతుంది, చివరికి ఎర్రర్ మెసేజ్‌లోని అక్షరాలు కూడా. నువ్వు సంతకం చేయకపోయినా మాట ఇచ్చినట్టే లెక్క.

మహామహులకే తప్పలేదు ఇది. 2011 మేలో జేక్వెరీ అనే పేరున్న జావాస్క్రిప్ట్ లైబ్రరీ 1.6 వర్షన్ వచ్చింది. హెచ్‌టీఎంఎల్‌లో రాసిన ఆట్రిబ్యూట్ వేరు, పేజీ నడుస్తున్నప్పటి ప్రాపర్టీ వేరు అని సరిగ్గా విడదీయాలని ప్రాప్ అనే కొత్త మెథడ్ తెచ్చి, ఆట్ర్ అనే పాత మెథడ్ పనితీరు మార్చారు. సిద్ధాంతం ప్రకారం వాళ్ళదే సరైన పద్ధతి. కానీ చెక్‌బాక్స్‌లో టిక్ ఉందో లేదో ఆట్ర్‌తో చూసుకునే కోడ్ అప్పటికే ఎన్నో సైట్లలో నడుస్తోంది. అదే నెలలో 1.6.1 తెచ్చి చెక్డ్, సెలెక్టెడ్, డిసేబుల్డ్ లాంటివాటికి పాత దారి మళ్ళీ తెరిచారు.

2018లో జరిగింది ఇంకా తమాషా. అర్రేలకు (విలువల వరుసలకు) ఫ్లాటెన్ అనే మెథడ్‌ను జావాస్క్రిప్ట్ భాషలోనే పెట్టబోయారు. మూటూల్స్ అనే పాత లైబ్రరీ ఎప్పుడో అదే పేరుతో సొంతది పెట్టుకుని ఉంది. ఆ పేరు బ్రౌజర్‌లో ముందే ఉంటే, మూటూల్స్ దానిమీద తనది రాసుకున్నా అది ఫర్-ఇన్ లూప్‌కి (పేర్లను ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయే కోడ్) కనబడదు. మూటూల్స్ ఆ లూప్‌తోనే మెథడ్లను తన ఎలిమెంట్స్‌కి కాపీ చేసుకుంటుంది. ఇక్కడ ఆ ఒక్కటీ కాపీ కాదు, పాత సైట్లు పడిపోతాయి. ఆ సైట్లను బాగు చేసేవాళ్ళు కూడా మిగిలి ఉండరు. చివరికి తగ్గింది భాషే: మెథడ్ పేరు ఫ్లాట్ అయింది.

ఇక టెస్టులు. ఎన్ని అన్న లెక్క వదిలేయ్. నా సెలెక్ట్ గొడవ జరిగిన రోజున మా కవరేజ్ అంకె (కోడ్‌లో ఎంత భాగం మీదుగా టెస్టులు నడిచాయన్న లెక్క) చూస్తే ముచ్చటేసేది. ఆ లైన్ల మీదుగా టెస్టులు నడిచాయి. కానీ "ఉన్నదాన్నే మళ్ళీ నొక్కితే ఏం కావాలి?" అని ఏ టెస్టూ అడగలేదు.

టెస్టు రాసేటప్పుడు వాడే మనిషి కుర్చీలో కూర్చో. "జిల్లా" అనే లేబుల్ ఉన్న కాంబోబాక్స్‌ని, అంటే ఆ ఎంపిక పెట్టెని, వెతుకు. కింది బాణం నొక్కు, జాబితా తెరుచుకోవాలి. రెండుసార్లు కిందికి దిగి ఎంటర్ కొట్టు, ఆన్‌చేంజ్ ఒక్కసారే, సరైన విలువతో రావాలి. మళ్ళీ తెరిచి ఎస్కేప్ కొట్టు, జాబితా మూసుకోవాలి, విలువ మారకూడదు, ఫోకస్ ఆ పెట్టెలోనే ఉండాలి. ఇందులో ఎక్కడా క్లాస్ పేరు లేదు, కాంపోనెంట్ లోపల దాచుకునే స్టేట్ లేదు చూడు. రేపు లోపలంతా పీకి కొత్తగా కట్టినా ఈ టెస్టు మీద చెయ్యి పడదు. ఎంజైమ్ అనే టెస్టింగ్ పరికరంతో రాసిన పాత టెస్టుల గతి తెలుసుగా. అది రియాక్ట్ (స్క్రీన్లు కట్టడానికి వాడే లైబ్రరీ) లోపలి అమరికను పట్టుకుని పనిచేసేది, రియాక్ట్ 18కి దానికి అధికారిక అడాప్టరే రాలేదు. టెస్టులన్నీ తిరగరాసుకోవాల్సి వచ్చింది.

స్నాప్‌షాట్లు (కాంపోనెంట్ ఇచ్చిన అవుట్‌పుట్ నకలు దాచుకుని తర్వాత దాంతో పోల్చే టెస్టులు) తగ్గించు. టెస్టులు నడిపే జెస్ట్ వాచ్‌లో యూ అనే అక్షరం నొక్కితే పాత నకలు స్థానంలో కొత్తది చేరి, ఎరుపంతా పచ్చగా మారిపోతుంది. ఆ వేలు ఏం ఆలోచించి నొక్కుతుంది!

పీఆర్ రివ్యూలో (ఇంకొకరు పంపిన కోడ్ మార్పును చూసేటప్పుడు) నాకున్న అలవాటు ఒకటి చెబుతాను. టెస్టుల ఫైల్ ముందు తెరుస్తాను, కోడ్ తర్వాత. కొత్త టెస్టులు చేరితే సంతోషం. పాత టెస్టులో రావాల్సిన విలువ మారిందంటే మాత్రం సర్దుకుని కూర్చుంటాను. మనం ఇచ్చిన మాట మారుతున్నది అక్కడే. రాసినవాళ్ళు "టెస్టు ఫెయిలయింది, అందుకని ఫిక్స్ చేశాను" అంటే ఒప్పుకోవద్దు. వర్షన్ అంకెలో ఏ స్థానం మారాలో కూడా ఆ ఒక్క లైనే చెబుతుంది.

టెస్టుల కోసం బ్రౌజర్‌లా నటించే జేఎస్‌డామ్‌లో లేఅవుట్ ఉండదు, ఏ పెట్టె కొలత అడిగినా సున్నాలే వస్తాయి. స్క్రీన్ అడుగున ఉన్న డ్రాప్‌డౌన్ పైకి తెరుచుకుంటుందా అన్నది అక్కడ తేలదు. అలాంటివి ఓ పది పదిహేను ఏరి, ప్లేరైట్ అనే పరికరంతో నిజం బ్రౌజర్లలో నడిపించు. ఫోన్ కీబోర్డుని మర్చిపోవద్దు. ఆండ్రాయిడ్‌లో టైప్ చేస్తుంటే కీడౌన్‌లో (కీ నొక్కగానే వచ్చే ఈవెంట్) చాలాసార్లు అక్షరం రాదు, 229 అనే కోడ్ వస్తుంది. కీడౌన్ చూసి వెతికే సెర్చ్ బాక్స్ నీ ల్యాప్‌టాప్‌లో చక్కగా పనిచేసి, మీ అమ్మ ఫోన్లో మొరాయిస్తుంది. ఇన్‌పుట్ ఈవెంట్ వాడు. టెస్టు డేటాలో "శ్రీ" అని ఒక్కటైనా పెట్టు: కంటికి ఒకటే అక్షరం, జావాస్క్రిప్ట్ లెంగ్త్ మాత్రం నాలుగంటుంది. పేర్లను కత్తిరించే కోడ్ బండారం దాంతోనే బయటపడుతుంది.

ప్యాకేజీ సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. టెస్టులు సోర్స్ ఫోల్డర్ మీద నడుస్తాయి, జనం వాడేది ఎన్‌పీఎంలోకి (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గోదాము) వెళ్ళిన మూట. ఎన్‌పీఎం ప్యాక్ చేసి, ఆ మూటను రెండు మూడు చిన్న యాప్‌లలో ఇన్‌స్టాల్ చేసి బిల్డ్ అవుతుందో లేదో రోజూ చూసుకో. ఒకటి మీరు సపోర్ట్ చేస్తామన్న అతి పాత రియాక్ట్ మీద ఉండాలి. ప్యాకేజీ వివరాలుండే ప్యాకేజ్ డాట్ జేసన్‌లో ఎక్స్‌పోర్ట్స్ అనే ఫీల్డ్ (బయటివాళ్ళు ఏ ఫైళ్ళు వాడొచ్చో చెప్పేది) కొత్తగా చేర్చడం శుభ్రం చేసినట్టే కనబడుతుంది. కానీ లోపలి ఫైళ్ళను నేరుగా ఇంపోర్ట్ చేసుకున్నవాళ్ళందరికీ ఆ క్షణం తలుపు మూసినట్టే. అది మేజర్ వర్షన్‌లోనే (మొదటి అంకె మారినప్పుడే) చెయ్యి.

అలాగని పాతదంతా అటకెక్కించి దాచుకుంటూ పోతే అటకే కూలుతుంది. తీసేయాల్సినవి తీసేయాలి, చెప్పి తీసేయాలి. జేక్వెరీ 1.9లో లైవ్ మెథడ్ తీసేసినప్పుడు మైగ్రేట్ అనే ప్లగిన్ ఇచ్చారు. అది పాత కోడ్‌ను నడిపిస్తూనే ఏది మార్చుకోవాలో కన్సోల్‌లో చెప్పేది. రియాక్ట్ వాళ్ళు క్రియేట్‌క్లాస్‌ను (కాంపోనెంట్లు తయారుచేసే పాత పద్ధతి) 2017 ఏప్రిల్‌లో 15.5లో హెచ్చరికతో ఉంచి, సెప్టెంబర్‌లో వచ్చిన 16లో తీసేశారు. నువ్వు ఐటమ్స్ అనే ప్రాప్‌ను (రియాక్ట్‌లో కాంపోనెంట్‌కి బయటి నుంచి ఇచ్చే విలువ) ఆప్షన్స్‌గా మార్చాలనుకో. రెండూ పనిచేయనివ్వు. డెవలప్‌మెంట్‌లో మాత్రమే, ఒక్కసారే, "ఐటమ్స్ బదులు ఆప్షన్స్ వాడండి, 6.0లో ఐటమ్స్ ఉండదు" అని చెప్పించు. వెయ్యిసార్లు చెబితే వాళ్ళు కన్సోల్ చూడ్డమే మానేస్తారు. ఐటమ్స్ పాత టెస్టులను అలాగే ఉంచు, హెచ్చరిక వచ్చిందో లేదో ఇంకో టెస్టు రాయి. రెండూ ఇస్తే ఏది గెలుస్తుందో కూడా టెస్టులోనే తేల్చు, లేకపోతే మళ్ళీ ఎవరో నాకు వచ్చినట్టే సోమవారం ఫోన్ చేస్తారు.

సెక్యూరిటీ రంధ్రం కనబడితే ఇవేవీ చూడకు. వెంటనే పూడ్చేయ్, తర్వాత తిట్లు తిను.

దసరాకి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో, ఆ డేట్ పికర్ టెస్టులు కూర్చుని చూద్దాం. ఈలోపు టైమ్‌జోన్ చెప్పే టీజెడ్ వేరియబుల్ అమెరికా చికాగోకి మార్చి వాటిని ఒకసారి నడిపించు. "2024-03-10" అని తేదీ ఒక్కటే ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రిగా తీసుకుంటుంది. హైదరాబాద్‌లో అది పొద్దున ఐదున్నర, కాబట్టి మీ ఆఫీసులో అన్నీ పచ్చగానే ఉంటాయి. డల్లాస్‌లో మీ బాబాయి తెరిస్తే తొమ్మిదో తారీఖు చూపిస్తుంది. ఎన్ని ఎర్రబడ్డాయో నాకు మెసేజ్ పెట్టు.

మామయ్య