కొట్లాట కేసుల కట్ట విప్పే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని నాక్స్ కౌంటీలో 1790 నుంచి 1820 దాకా నడిచిన కొట్లాట కేసులు చూడబోతున్నావని తెలిసి సంతోషమయింది. ముందుగా ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. అభియోగపత్రం చదివి, జరిగిందంతా తెలిసిపోయిందనుకోకు. “ఆయుధబలంతో మీదపడి, కొట్టి, గాయపరచి, బతుకుతాడన్న ఆశ లేకుండా చేశాడు” అని ఉంటుంది. చెంప మీద ఒక్క దెబ్బ పడినా ఇవే మాటలు రావచ్చు. అది ఇంగ్లండ్ నుంచి వచ్చిన నమూనా. గుమాస్తా అందులో పేర్లూ తేదీ నింపేవాడు. “చంపే ఉద్దేశంతో” అని చేర్చి ఉంటే మాత్రం ఆగు, అది వేరే నేరం.

కాగితం వెనక్కి తిప్పడం మరిచిపోకు. మడతపెట్టి కట్టగట్టిన కాగితాలవి, అసలు సమాచారం పై మడత మీదే ఉంటుంది: గ్రాండ్ జ్యూరీ (కేసు నడపాలా వద్దా తేల్చే పౌరుల బృందం) పెద్ద “ట్రూ బిల్”, అంటే కేసు నడపవచ్చు, అని రాసి చేసిన సంతకం, సాక్షుల పేర్లు, ఒక్కోసారి ఫిర్యాదుదారు పేరు. ఫొటో తీసేటప్పుడు రెండు వైపులకూ ఒకే నంబరు ఇవ్వు. తర్వాత ఏ వెనుక ఏ ముందుదో కలపడం నరకం.

ఒక్క కేసు మూడు నాలుగు చోట్ల చెదిరి ఉంటుంది. మినిట్ బుక్‌లో వాయిదాలూ తీర్పూ, విడి కాగితాల్లో వారంటూ జామీను ముచ్చలికా, వసూళ్ల పుస్తకంలో డబ్బు లెక్క. కోర్టు పేరూ మారుతూ వచ్చింది: మొదట క్వార్టర్ సెషన్స్, చివరికి సర్క్యూట్ కోర్టు. 1816 డిసెంబర్‌లో రాష్ట్రం ఏర్పడక ముందు కేసు అమెరికా సంయుక్త రాష్ట్రాల పేరున, ఆ తర్వాత ఇండియానా రాష్ట్రం పేరున నడిచింది. ఒకే పేరుతో వెతికితే సగం కేసులు జారిపోతాయి. కౌంటీ కేంద్రమైన విన్సెన్స్‌లో ఫ్రెంచి కుటుంబాలు ఎక్కువ. ఇంగ్లీషు గుమాస్తా వాళ్ల పేర్లు చెవికి వినపడినట్టు రాసుకున్నాడు కాబట్టి ఒక్కో మనిషికి నాలుగైదు స్పెల్లింగులు పెట్టుకుని చూడు. “అసాల్ట్” (దాడి) అన్న ఇంగ్లీషు మాటలో మొదటి ‘ఎస్’ పొడుగ్గా, ‘ఎఫ్’ లాగా కనిపిస్తుంది. కంగారుపడకు.

జరిమానా ఒక సెంటో ఒక డాలరో కనిపించగానే కోర్టు తేలిగ్గా తీసుకుందని రాసేయకు. దాని కింద ఖర్చుల లెక్క చూడు. గుమాస్తా రుసుము, షెరీఫ్ రుసుము, సాక్షుల బత్తా కలిస్తే జరిమానాకు ఎన్నో రెట్లు. అసలు శిక్ష అదే. పైగా బత్తా చీటీలో సాక్షి ఎన్ని రోజులు హాజరయ్యాడో, ఎన్ని మైళ్ల నుంచి వచ్చాడో ఉంటుంది. నాకు అభియోగపత్రం కంటే ఆ చీటీ మీదే నమ్మకం ఎక్కువ.

దెబ్బలు తిన్నవాడు అదే గొడవ మీద సివిల్ దావా కూడా వేయవచ్చు. “టి.ఎ.బి.” (ట్రెస్‌పాస్, అసాల్ట్ అండ్ బ్యాటరీ) అని పొట్టిగా రాసి, ఇద్దరు మనుషుల పేర్లే ఉంటే అది దావా. దాన్ని నేరాల్లో లెక్కిస్తే ఒక కొట్లాట రెండవుతుంది.

పోలిక కోసం కెంటకీ, టెన్నెసీ పుస్తకాలు తిరగేస్తే ఒక వింత నమోదు తగులుతుంది: ఫలానావాడి చెవి కొట్లాటలో కొరికేశారని కోర్టు రాసిపెట్టడం. కొన్ని నేరాలకు చెవి కోసే శిక్ష ఉండేది గనుక, తాను నేరస్థుణ్ని కాదని చూపుకోవడానికి అతను రాయించుకున్నది అది. దాన్ని ప్రాసిక్యూషన్‌గా లెక్కపెట్టకు.

పుస్తకంలో లేనివాళ్లనూ గుర్తుపెట్టుకో. 1803 నాటి ఇండియానా టెరిటరీ (రాష్ట్రం కాకముందు ఆ ప్రాంతం పేరు) చట్టం నల్లవాళ్ల, అమెరికా ఆదివాసుల సాక్ష్యాన్ని తెల్లవాళ్ల మీద చెల్లనివ్వలేదు. వాళ్లు తిన్న దెబ్బల్లో చాలా వాటికి కాగితమే పుట్టలేదు. నీ పట్టికలో ఆ ఖాళీ ఎందుకుందో మొదటి పేజీలోనే రాయి.

ముప్పై ఏళ్లూ ఒకేసారి మొదలుపెట్టకు. ఒక్క విడత కోర్టు తీసుకుని, అందులోని ప్రతి కొట్లాటనూ వారంటు నుంచి ఖర్చుల వసూలు దాకా వెంబడించు. పట్టికలో ఏ గడులు కావాలో అప్పుడే తేలుతుంది.

నీ పెదనాన్న